పనికొచ్చే ఫోర్ బై ఫోర్ ఎంచుకోవడం: పాత జిప్సీ, పాత థార్ కొనేముందు చూడాల్సినవి

పొలం దాకా ఎరువు బస్తాలు తీసుకెళ్లాలి, లేదా పాడేరు వైపు కాఫీ తోటల్లోకి వానాకాలంలో కూడా ఎక్కాలి. అలాంటి పనికి బండి కావాలని షోరూముకు వెళ్తే ఇవాళ ముందుగా చూపించేది పెద్ద స్క్రీను, పైన అద్దాల కప్పు, చల్లగాలి వచ్చే సీట్లు. 2010లో వచ్చిన మహీంద్రా థార్‌కు గుడ్డ టాపు, వెనక ఎదురెదురు బెంచీలు, కింద కమాన్ కట్టలు (బరువు మోసే వంపు ఉక్కు పట్టీలు) ఉండేవి. 2020 అక్టోబరు 2న వచ్చిన థార్‌లో కమాన్ కట్టలు పోయి కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. 2024 ఆగస్టు 15న వచ్చిన థార్ రాక్స్‌కు ఐదు డోర్లు, పనోరమిక్ సన్‌రూఫ్, తనంతట తాను బ్రేకు వేసే సెన్సర్లు ఉన్నాయి. 1985 డిసెంబరులో మొదలైన మారుతి జిప్సీని మామూలు జనానికి అమ్మడం 2019లో ఆపేశారు. దాని స్థానంలోకి 2023లో ఐదు డోర్ల జిమ్నీ వచ్చింది.

పని బండి ఇలా విలాసపు బండిగా మారడం మన దేశంలోనే జరగలేదు. 1948లో బ్రిటన్‌లో పుట్టిన ల్యాండ్ రోవర్ రైతు కోసం చేసిన బండి. యుద్ధం తర్వాత ఉక్కు కరువు ఉండడంతో బాడీకి అల్యూమినియం రేకు వాడారు. ఇంజన్ శక్తితో వ్యవసాయ యంత్రాలు తిప్పుకునే ఏర్పాటు కూడా అందులో ఉండేది. ఆ వంశంలో చివరి డిఫెండర్ 2016 జనవరి 29న సోలిహల్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. ఇప్పుడు అదే పేరుతో స్లొవేకియాలో తయారయ్యే బండికి అసలు విడి చాసిస్సే (బండిని మోసే అడుగు ఫ్రేము) లేదు, బాడీ అంతా ఒకే అల్యూమినియం నిర్మాణం. 1979లో మిలిటరీ పని కోసం మొదలైన మెర్సిడెస్ జి వ్యాగన్ ఇప్పుడు కోటీశ్వరుల గుమ్మాల ముందు ఉంటోంది. 1984 నుంచి వస్తున్న టొయోటా ల్యాండ్ క్రూజర్ 70 లాంటి ఒకటి రెండు మాత్రమే ఆస్ట్రేలియా, ఆఫ్రికా పల్లెల్లో ఇంకా పాత పనే చేస్తున్నాయి.

కంపెనీలు విలాసం కోసమే పాత బండ్లు ఆపేశాయనుకోవడం సగమే నిజం. మన దేశంలో 2019 నుంచి ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు), ఎయిర్‌బ్యాగ్, క్రాష్ టెస్టు నిబంధనలు ఒక్కొక్కటిగా అమల్లోకి వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే పొగ కాలుష్య నిబంధన వచ్చింది. ముప్పై ఏళ్ల నాటి డిజైన్‌ను వీటికి తగ్గట్టు మార్చడం కంటే కొత్త బండి చేయడమే చవక. అంత డబ్బు పెట్టి చేసిన కొత్త బండిని ఊళ్లో తిరిగేవాళ్లకు కూడా అమ్మితేనే కంపెనీకి గిట్టుతుంది. అందుకే సన్‌రూఫ్.

కాబట్టి బండి పేరు చూసి కొనే రోజులు పోయాయి. మీ దారికి ఏ భాగం కావాలో తెలుసుకుని ఆ భాగం ఉందో లేదో చూసి కొనాలి.

ముందు మీ దారి చూసుకోండి

గుంతల మట్టి రోడ్డుకు ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే బండి) అక్కర్లేదు. ఎత్తు ఎక్కువున్న మామూలు టూవీల్ డ్రైవ్ బండి, మంచి టైర్లు చాలు. ఫోర్ బై ఫోర్ కావాల్సిన చోట్లు మూడు: వాన పడ్డాక నల్లరేగడి డొంక, ఇసుక వాగు, రాళ్లు తేలిన ఏటవాలు ఎక్కుడు. బొర్రా నుంచి కటికి జలపాతం వైపు జీపులు వెళ్లే దారి మూడో రకం. అక్కడ నాలుగు చక్రాలకు శక్తి అందడం ఎంత అవసరమో, లో రేంజ్ గేరు (బండిని నెమ్మదిగా, ఎక్కువ లాగుడుతో నడిపేది) అంతకంటే ఎక్కువ అవసరం. లో రేంజ్ లేకపోతే క్లచ్చు సగం నొక్కి పట్టుకుని ఎక్కించాల్సి వస్తుంది, రెండు సీజన్లలో క్లచ్చు ప్లేటు కాలిపోతుంది.

కొత్తదే కొనాలనుకుంటే వేరియంటు దగ్గర జాగ్రత్త. థార్ అని రాసి ఉన్నంత మాత్రాన ఫోర్ బై ఫోర్ కాదు. 2023లో వచ్చిన 1.5 లీటర్ డీజిల్ థార్ వెనక చక్రాలతో మాత్రమే నడుస్తుంది. రాక్స్ వచ్చినప్పుడు పెట్రోలు మోడళ్లన్నీ టూవీల్ డ్రైవే, ఫోర్ బై ఫోర్ డీజిల్‌లో మాత్రమే ఇచ్చారు. జిమ్నీలో అన్ని వేరియంట్లకూ ఫోర్ బై ఫోర్, లో రేంజ్ ఉన్నాయి. గేరు లివరు పక్కన రెండో చిన్న లివరు ఉందో లేదో కళ్లారా చూసి, 4ఎల్‌లో (నాలుగు చక్రాలు, లో రేంజ్) వేయించి, అప్పుడే అడ్వాన్సు ఇవ్వండి.

వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, కూడా చూడాలి. మూడు డోర్ల కొత్త థార్‌కు 2450 మి.మీ., రాక్స్‌కు 2850 మి.మీ. ఈ 40 సెంటీమీటర్ల తేడా వల్ల వెనక సీటు విశాలమవుతుంది కానీ, పొలం గట్టు దాటేటప్పుడు ముందు చక్రాలు దిగి వెనక చక్రాలు ఎక్కేలోపు బండి పొట్ట గట్టు మీద ఆనుతుంది. పొట్ట ఆనిందంటే చక్రాలు గాల్లో తిరుగుతాయి, ఎన్ని సెన్సర్లున్నా లాభం లేదు. గట్లు, బోదెలు ఎక్కువుంటే పొట్టి బండే మేలు.

పాతది కొనడం: కాగితాలు ముందు, బండి తర్వాత

సాధారణంగా బండి చూసి మనసు పడ్డాక కాగితాలు అడుగుతారు. జీపుల విషయంలో అది తిరగబడాలి. చాసిస్ ఒకచోటిది, ఇంజన్ ఒకచోటిది, బాడీ ఇంకోచోటిది కలిపి నిలబెట్టిన బండ్లు జీపుల్లో ఉన్నన్ని ఇంకెక్కడా ఉండవు.

ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిచూడండి. చాసిస్ నంబరు ఉన్నచోట గ్రీజు, మట్టి కిరోసిన్ గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిలు పక్కకు వాల్చి రుద్దండి. ఆర్‌టీఓ ఆఫీసులో తీసే పెన్సిల్ ప్రింటు ఇదే. కంపెనీ కొట్టిన అంకెలన్నీ ఒకే లోతులో, ఒకే వరసలో పడతాయి. ఒక అంకె లోతుగా, పక్కది తేలిగ్గా ఉన్నా, చుట్టూ గ్రైండర్ గీతలు కనిపించినా, అక్కడ మాత్రమే రంగు కొత్తగా ఉన్నా ఆ బండి వదిలేయండి. ధర ఎంత తగ్గించినా సరే.

పెట్రోలు బండిలో డీజిల్ ఇంజన్ వేసి ఉంటే ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కి ఉండాలి. కంపెనీ స్పెసిఫికేషన్‌ను మార్చడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో చెప్పాక ఇలాంటివి తర్వాత ఎక్కించుకోవడం చాలా కష్టం. ఆర్మీ వేలంలో వచ్చిన జిప్సీ అంటే వేలం కాగితం, విడుదల కాగితం, ఆ తర్వాతి సివిల్ రిజిస్ట్రేషన్ మూడూ వరసగా ఉండాలి.

ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు వచ్చాక అక్కడి థార్‌లు తక్కువ ధరకు మన వైపు వస్తున్నాయి. వాటికి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, ఫారం 29, ఫారం 30 కావాలి. లోను మీద కొన్నదైతే బ్యాంకు ఇచ్చిన ఫారం 35 కావాలి. వీటికి తోడు మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్సు మళ్లీ కట్టాలి. బేరానికి కూర్చునే ముందే ఆ ట్యాక్సు ఎంతో ఆర్‌టీఓ ఆఫీసులో కనుక్కుని ధరకు కలుపుకోండి. చవక అనిపించిన బండి అప్పుడు లోకల్ బండి ధరకే తేలవచ్చు. పదిహేనేళ్లు దగ్గరపడిన బండికి ఫిట్‌నెస్ చేయించి, ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలని కూడా గుర్తుంచుకోండి.

చాసిస్

ఒక పెద్ద స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి, టార్చి, పడుకోవడానికి గోనెసంచి తీసుకెళ్లండి. బండి కడిగించి చూపిస్తానంటే వద్దనండి. మట్టి ఉన్న బండిలోనే ఆయిలు ఎక్కడ కారుతోందో తెలుస్తుంది.

సుత్తితో చాసిస్ పొడవునా తేలిగ్గా కొట్టుకుంటూ పోండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట శబ్దం చచ్చిపోతుంది. అలా అనిపించిన చోట స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడవండి. ముఖ్యంగా చూడాల్సినవి వెనక కమాన్ షాకిల్ (కమాన్ చివరను చాసిస్‌కు కలిపే లింకు) పట్టుకునే బ్రాకెట్లు, ముందు చక్రాల వెనక భాగం, చాసిస్‌కు బాడీ కూర్చునే మౌంటింగులు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో తిరిగిన బండికి ఇంకా ఎక్కువ టైము ఇవ్వండి. రేకు తుప్పు పడితే టింకరింగు చేయించుకోవచ్చు. చాసిస్‌కు అతుకు వేసి, పైన నల్లరంగు మందంగా కొట్టి ఉంటే కొనకండి.

లోపల నేల మీద వేసిన మ్యాటు తప్పకుండా ఎత్తి చూడండి. పాత జీపును లగ్జరీగా మార్చాలని చాలామంది కింద స్పాంజి, దాని మీద కార్పెట్ పరుస్తారు. గుడ్డ టాపులోంచి కారిన నీళ్లు స్పాంజి పీల్చుకుని నెలల తరబడి అలాగే ఉంటాయి. పైన కార్పెట్ ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది, కింద చెయ్యి పెడితే తడి తగులుతుంది, ముక్కిన వాసన వస్తుంది, గోకితే ఎర్రటి పొలుసులు రేకులు రేకులుగా ఊడొస్తాయి. పాత జీపు నేల కంపెనీ ఇచ్చినట్టు ఉత్తగా ఉండి, నీళ్లు పోయే రంధ్రాల రబ్బరు మూతలు తీసే వీలుంటే అదే ఆరోగ్యం.

కమాన్ కట్టలు, స్టీరింగు

జిప్సీకి ముందూ వెనకా నాలుగు వైపులా కమాన్ కట్టలే. ఎక్కువ పాత థార్‌లకు వెనక కమాన్లు, ముందు టోర్షన్ బార్ (మెలి తిరిగి స్ప్రింగులా పని చేసే కడ్డీ). కమాన్ కట్ట బరువూ మోస్తుంది, యాక్సిల్‌నూ దాని చోట పట్టి ఉంచుతుంది. పట్టీ విరిగితే ఏ చిన్న ఊళ్లోనైనా కమాన్ షాపులో మరొకటి వేసి పంపుతారు. పని బండికి దాన్ని ఎంచుకోవడానికి కారణం అదే.

బండి చదునైన చోట పెట్టి వెనక నుంచి చూడండి. ఒక పక్కకు వాలిందంటే కట్ట కూర్చుంది. పట్టీల మధ్య పగులు, సెంటర్ బోల్టు తల తెగడం, యు బోల్టుల నట్లు వదులవడం చూడండి. సెంటర్ బోల్టు తెగితే యాక్సిల్ వెనక్కి జరుగుతుంది, బండి నేరుగా నడిపినా పక్కకు లాగుతుంది.

జిప్సీలో గంటకు 50, 60 కి.మీ. దగ్గర చిన్న గుంత తగలగానే స్టీరింగు రెండు పక్కలకూ గడగడ వణకడం మొదలుపెడితే కారణం దాదాపు ఎప్పుడూ ముందు నకిల్‌లోని (చక్రం పక్కకు తిరిగే కీలు) కింగ్ పిన్ బేరింగులే. అమ్మేవాళ్లు కొత్త స్టీరింగ్ డ్యాంపరు వేసి వణుకు దాచిపెడతారు. ముందు చక్రం జాకీ మీద లేపి పైనా కిందా చేతులు పెట్టి ఊపండి. కదిలితే ఇంకొకరితో బ్రేకు తొక్కించి మళ్లీ ఊపండి. బ్రేకుతో కదలిక ఆగిపోతే వీల్ బేరింగు, ఆగకపోతే కింగ్ పిన్. నకిల్ గుండు మీద పల్చటి గ్రీజు పూత ఉండడం మామూలే. నల్లటి ఆయిలు కారుతూ ఉంటే లోపలి సీలు పోయి, డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల గుండు) ఆయిలు నకిల్‌లోకి వస్తోందని అర్థం. పాత థార్‌లో ఇక్కడ చూడాల్సింది డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూట్లు. చిరిగిన బూటులోకి ఇసుక పోతే సీవీ జాయింటు (చక్రం తిరిగినా శక్తి అందించే కీలు) ఎంతోకాలం రాదు. స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా కదిలిస్తే కటకటమంటుంది.

ఫోర్ బై ఫోర్ నిజంగా పని చేస్తోందా

ఏళ్ల తరబడి తారు రోడ్డు మీదే తిరిగిన జీపుల్లో చిన్న లివరు తుప్పు పట్టి కదలదు, కదిలినా ముందు యాక్సిల్‌కు శక్తి అందదు. డాష్‌బోర్డు మీద లైటు వెలిగితే చాలదు.

జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తి పంచే గేర్ల పెట్టె) గేరు బాక్సుకు అంటుకుని ఉండదు. రెంటి మధ్య ఒక పొట్టి షాఫ్టు, అక్కణ్నుంచి ముందుకొకటి, వెనక్కొకటి ప్రొపెల్లర్ షాఫ్టులు ఉంటాయి. ట్రాన్స్‌ఫర్ కేసు రబ్బరు మౌంటింగుల మీద వేలాడుతుంది. ఆ రబ్బర్లు చిరిగితే లోడు పడగానే కేసు మెలి తిరిగి, 4ఎల్ నుంచి గేరు దానంతట అదే ఊడొస్తుంది. చాలామంది మేస్త్రీలు దీనికి కేసు విప్పుతారు. ముందు రబ్బర్లు మార్చి చూడమనండి.

ఇలా పరీక్షించండి. బండి చదునైన మట్టి నేల మీద పెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు వేసి, హ్యాండ్ బ్రేకు లాగండి. ఇంజన్ ఆపి, పెద్ద లివరు మొదటి గేరులో, చిన్న లివరు 4ఎల్‌లో వేయండి. ముందు చక్రం ఒక్కటి జాకీతో లేపండి. చేత్తో తిప్పుకునే హబ్బులుంటే (చక్రాన్ని యాక్సిల్ షాఫ్టుకు కలిపే, విడదీసే భాగం) ముందు ఫ్రీలో పెట్టండి. చక్రం హాయిగా తిరగాలి. తర్వాత రెండు వైపులా లాక్‌లో పెట్టి మళ్లీ తిప్పండి. కొంచెం ఆడి ఆగిపోవాలి. లాక్‌లో కూడా తిరుగుతూనే ఉంటే హబ్బు, షాఫ్టు, ట్రాన్స్‌ఫర్ కేసుల్లో ఏదో పట్టడం లేదు. మరీ ఎక్కువ ఆడుతుంటే క్రౌన్ పినియన్, జాయింట్ క్రాసులు అరిగాయి. రెండో పక్క కూడా ఇలాగే చేయండి. బండి జాకీ మీద ఉన్నంతసేపూ ఎవరూ కిందికి దూరకూడదు.

పాత థార్‌లో ముందు హబ్బులు వాటంతట అవే లాక్ అయ్యే రకం. అందుకని దాన్ని మెత్తటి మట్టిలో నడిపించి చూడాలి. ముందు చక్రాలు చిన్న మట్టి గట్టుకు ఆనేలా ఆపి, 4ఎల్ వేసి మెల్లగా క్లచ్చు వదలండి, ముందు చక్రాలు గట్టును తవ్వుతూ ఎక్కాలి. 2015 తర్వాతి కొన్ని థార్‌లలో వెనక డిఫరెన్షియల్‌కు లాక్ ఉంటుంది. ఒక చక్రం జారి గిర్రున తిరిగితే టక్కున పట్టుకుంటుంది, ఆ శబ్దం లోపం కాదు.

ఈ పరీక్షలేవీ తారు రోడ్డు మీద చేయకూడదు. ఈ రెండు బండ్లలోనూ మధ్యలో డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరం తిరగాలి. ఫోర్ బై ఫోర్‌లో అవి కలిసే తిరగాల్సి వస్తుంది. మట్టిలో చక్రం జారి సర్దుకుంటుంది. తారు మీద సర్దుకోలేక షాఫ్టులు మెలిపడి లివరు బిగుసుకుపోతుంది. అలా బిగుసుకుంటే లివరును బలవంతంగా లాగొద్దు. రెండు మీటర్లు నేరుగా వెనక్కి పోనిస్తే వదులవుతుంది.

లెక్కల్లో చూస్తే జిప్సీ ట్రాన్స్‌ఫర్ కేసు గేరు నిష్పత్తి హై 1.409, లో 2.268. అంటే 4ఎల్‌లో బండి 4హెచ్ (నాలుగు చక్రాలు, హై రేంజ్) కంటే 1.6 రెట్లే నెమ్మదిస్తుంది. పాత థార్‌లో లో రేంజ్ 2.48 రెట్లు, పైగా డీజిల్ ఇంజను. బరువు వేసుకుని రాళ్ల ఎక్కుడు ఎక్కాలంటే థార్ మేలు. జిప్సీ బలం దాని తేలికదనం. టన్ను బరువున్న బండి బురదలో తక్కువ దిగబడుతుంది, దిగబడ్డా నలుగురు తోస్తే బయటపడుతుంది.

ఇంజన్ గురించి క్లుప్తంగా. చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయమనండి. ముందే వేడిచేసి ఉంచితే అనుమానించండి. ఐడిల్‌లో ఆయిలు మూత తీస్తే పొగ గుప్పుగుప్పుమని కొడుతుంటే పిస్టన్ రింగులు అరిగాయి. జిప్సీలో కార్బొరేటరు లేని ఎంపీఎఫ్‌ఐ (పెట్రోలును ఇంజెక్టర్లతో చిమ్మే) ఇంజన్ వెతకండి, అది 80 హార్స్ పవర్ ఇస్తుంది. జిప్సీలో ఏ ఇంజనైనా లీటరుకు పది కిలోమీటర్లు దాటుతుందని ఆశపడకండి.

పాత బండిని లగ్జరీ చేయొద్దు

ఏసీ బిగిస్తే చిన్న ఇంజను, ఆల్టర్నేటరు, రేడియేటరు మూడింటి మీదా భారం పడుతుంది. వెడల్పు అల్లాయ్ వీల్సు బయటికి పొడుచుకొస్తే వీల్ బేరింగు, కింగ్ పిన్ త్వరగా పోతాయి. జిప్సీకి 205/70 ఆర్15 సైజే ఉంచి, పని ఎక్కువ రేగడిలో అయితే మడ్ టైర్లు వేయించండి. సన్న గీతల రోడ్డు టైరులో రేగడి పది అడుగులకే నిండి, చక్రం కుండలా నున్నగా అవుతుంది. బురదలో, ఇసుకలో గాలి 18 నుంచి 20 పీఎస్‌ఐకి దించండి, తారు ఎక్కేముందు మళ్లీ నింపండి. అందుకోసం బ్యాటరీకి తగిలించే చిన్న పంపు బండిలోనే ఉండాలి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ పాత బండ్లలో ఎయిర్‌బ్యాగులు లేవు, వెనక బెంచీలకు సరైన బెల్టులు లేవు. 2020 థార్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో నాలుగు స్టార్లు వచ్చాయి, రాక్స్‌కు భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు. హైవే మీద కుటుంబంతో తిరగడమే ప్రధానమైతే కొత్తదే కొనండి. పాతది కొంటే పొలానికి, కొండకు వాడండి, పిల్లల్ని వెనక బెంచీ మీద కూర్చోబెట్టి హైవే ఎక్కకండి.

కొన్న వారంలో చేయాల్సిన పని

పాత ఓనరు ఆయిళ్లు మార్చానన్నా నమ్మకుండా ఇంజను, గేరు బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియళ్లు, అన్నింటిలో ఆయిలు దింపి కొత్తది పోయించండి. దింపేముందు ఆయిలు పోసే బోల్టు ముందుగా విప్పాలి. అది తుప్పుపట్టి రాకపోతే, కింద ఆయిలు దింపేసిన బండి కదలకుండా అక్కడే ఉండిపోతుంది. దింపిన ఆయిలు పాలు కలిసిన టీలా ఉంటే లోపలికి నీళ్లు పోయాయి, యాక్సిల్ బ్రీదరు (లోపలికి గాలి వచ్చిపోయే) గొట్టం మూసుకుపోయిందేమో చూడండి. వాగులో వేడి యాక్సిల్ చల్లబడగానే లోపలి గాలి ముడుచుకుని, బ్రీదరు పని చేయకపోతే సీళ్ల లోంచి నీళ్లు పీలుస్తుంది. జిప్సీ ట్రాన్స్‌ఫర్ కేసులో పట్టేది సుమారు 0.8 లీటరే. అది కారుతూ పోతే గేర్లు ఎండిపోతాయి, కాబట్టి చిన్న లీకును కూడా వదలొద్దు.

ప్రొపెల్లర్ షాఫ్టుల క్రాసులకు, షాకిల్ పిన్నులకు నిపిల్ ఉన్నచోటల్లా పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు కొట్టించండి. వాగు దాటిన ప్రతిసారీ మళ్లీ కొట్టించాలి. చిన్న లివరును నెలకోసారైనా మట్టి నేల మీద 4హెచ్, 4ఎల్‌లలో వేసి అర కిలోమీటరు నడపండి, లేకపోతే లింకేజీ బిగుసుకుపోతుంది. కమాన్ పని చేయిస్తే 500 కి.మీ. తిరిగాక యు బోల్టులు మళ్లీ బిగించాలి, కొత్త పట్టీలు కూర్చున్నాక నట్లు వదులవుతాయి.